నెలసరికి ముందు వారం

నెలసరికి ముందు వారం చిన్న మాటకే నా గుండె దడదడలాడుతుంది. మరో వారమైతే అదే మాట తాకనైనా తాకదు. "నీది మరీ సున్నితమైన మనసు" అన్నవాళ్లే ఎక్కువ. కాదు, మెదడే మారుతోంది! అండం విడుదలయ్యే రోజుల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. నెలసరి తొలి రోజులతో పోలిస్తే అప్పుడు మెదడులో భావోద్వేగాలనూ ఒత్తిడినీ చూసుకునే అమిగ్డలా, హైపోథాలమస్ భాగాలు ఒత్తిడికి తక్కువగా స్పందించాయని 2005లో మెదడు స్కానింగుల్లో గమనించారు. ప్రొజెస్టరోన్ అనే మరో హార్మోన్ నుంచి తయారై మెదడును జోకొట్టే అల్లోప్రెగ్ననలోన్, నెలసరి దగ్గరపడేకొద్దీ పడిపోతుంది. హార్మోన్ల స్థాయి మామూలుగానే ఉన్నా కొందరి మెదడు ఆ మార్పును తట్టుకోలేదు. తీవ్రమైతే అది చికిత్స ఉన్న జబ్బు, స్వభావ దోషం కానే కాదు. ఇప్పుడు నెలసరి తేదీల పక్కనే నా మనఃస్థితీ రాసుకుంటున్నాను. డాక్టరు ఆ కాగితం శ్రద్ధగా చదివారు. ఎంత ఊరటో!