ఆ రాత్రి మేం కంచిలో ఉన్నాం

రాజీవ్ గాంధీ చనిపోయినప్పుడు మీరెక్కడున్నారని నలభై అయిదు దాటిన ఎవర్నడిగినా టక్కున చెప్తారు. మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న వేస్తే గొడవే. 1991 మే 21 రాత్రి మేం ఐదుగురు పెద్దవాళ్లం, ఒక పసివాడు కంచిలో ఒకే గదిలో పడుకుని ఉన్నాం. శ్రీపెరుంబుదూరు అక్కడికి గట్టిగా నలభై కిలోమీటర్లు ఉండదు. ఐదుగురం ఐదు కథలు చెప్తాం. ఇది నా కథ.

మా వాడి పుట్టువెంట్రుకల మొక్కు కోసం చీరాల నుంచి బయల్దేరాం. నేను, మా ఆయన, అత్తయ్య, మామయ్యగారు, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కాబట్టి మా తమ్ముడు. ఎన్నికల మధ్యలో ప్రయాణమేంటని మా నాన్న గొణిగాడు. పదకొండో నెల దాటిపోతే మళ్లీ మూడో ఏడు దాకా ఆగాలని అత్తయ్య ఒప్పుకోలేదు. తిరుమల, తిరుత్తణి, కంచి, మద్రాసు, మళ్లీ ఇంటికి అని ఆవిడే లెక్క వేసింది.

మామయ్యగారు కరడుగట్టిన తెలుగుదేశం మనిషి. 1982లో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యని రాజీవ్ గాంధీ అందరి ముందూ చిన్నబుచ్చాడన్న కోపం ఆయనకి తొమ్మిదేళ్లయినా చల్లారలేదు. ఆ మార్చిలోనే రామారావుగారు పార్టీ పెట్టారు, ఈయన మొదటి వారంలోనే చేరిపోయారు. రాజకీయాల్లోకి రాకముందు విమానాలు నడిపినవాడు కాబట్టి, రాజీవ్ పేరు వస్తే 'పైలట్టు' అనేవారు తప్ప పేరు పెట్టి పిలిచేవారు కాదు. మాకు దొరికిన మెటాడోర్ వ్యాను కూడా ఆయన స్నేహితుడిదే, ప్రచారంలో తిరిగి తిరిగి వచ్చినది. వెనక తలుపు మీద పసుపుపచ్చ కాగితం, దాని మధ్య సైకిలు గుర్తు. ముందు అద్దం మీద చెయ్యెత్తిన అన్నగారి ఫోటో. డ్రైవరు కుర్రాడు ఆ ఫోటో పక్కనే ఆంజనేయస్వామిని వేలాడదీశాడు.

కల్యాణకట్టలో మా వాడు చేసిన గొడవ అంతా ఇంతా కాదు. తమ్ముడి ఒళ్లో గిలగిలా కొట్టుకుంటుంటే, క్షురకుడు మాత్రం ఏ తొందరా లేకుండా తల తడిపి, ఎడంచేత్తో గడ్డం పట్టుకుని, నాలుగు గీతల్లో పని కానిచ్చేశాడు. మే నెల రద్దీ ఎలా ఉంటుందో తిరుపతి వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. దర్శనం అయ్యేసరికి వాడి గుండు మీది చందనం ఎండి పెచ్చులు పెచ్చులుగా నా భుజం మీద రాలుతోంది.

మంగళవారం పొద్దున్నే తిరుపతిలో బయల్దేరాం. మంగళవారం ప్రయాణం వద్దని అత్తయ్య అననే అంది. నగరి దాటి, తిరుత్తణిలో మెట్లెక్కి దిగి, అరక్కోణం మీదుగా కంచి చేరేసరికి మధ్యాహ్నమైంది. గుళ్లు మూసేశారు. ఒక తెలుగువాళ్ల సత్రంలో కింది గది దొరికింది. సాయంత్రం కామాక్షమ్మని చూసుకుని వరదరాజస్వామి గుడికి వెళ్లాం. కంచి వెళ్లి బల్లిని ముట్టుకోకుండా వస్తే ఇంటిదగ్గర ఊరుకుంటారా? ఆ మెట్లెక్కి, పైకప్పుకి ఉన్న బంగారు బల్లిని, వెండి బల్లిని మా ఆయన వాడి చేత్తో కూడా తాకించాడు. లక్షల చేతులు రాసుకుని రాసుకుని ఆ రేకులు నున్నగా మెరుస్తున్నాయి. ఇక జన్మలో బల్లి పడినా భయం లేదని తమ్ముడు నవ్వాడు.

రాత్రి అన్నాల దగ్గర అత్తయ్య మర్నాటి కార్యక్రమం చెప్పింది. పొద్దున్నే మఠం. అప్పటికి పరమాచార్య ఇంకా ఉన్నారు, తొంభై ఏడేళ్ల మనిషి. తర్వాత ఏకామ్రేశ్వరుడు, ఆ మామిడిచెట్టు. ఆ తర్వాత మద్రాసు దారిలోనే ఉన్న శ్రీపెరుంబుదూరు. అది రామానుజులవారు పుట్టిన ఊరు. ఆయన బతికుండగానే చేయించి, ఆయనే కౌగిలించుకుని ఇచ్చిన విగ్రహం అక్కడుందని పుట్టింట్లో చిన్నప్పటి నుంచీ విందట. మాలో మిగతా నలుగురం ఆ ఊరి పేరు వినడం అదే మొదటిసారి. మామయ్యగారు విసుక్కున్నారు కూడా, ఇంకో గుడా అని.

ఇక్కడి నుంచే మా కథలు విడిపోతాయి.

ఆ రాత్రి నిద్రపోనిది నేనొక్కదాన్నే. ఎండకి తిప్పడం వల్లనో, గుండు కొట్టించడం వల్లనో వాడికి ఒళ్లు కాలింది. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తూ కూర్చున్నాను. శబ్దం ఏదీ వినపడలేదు. బాగా పొద్దుపోయాక వీధిలో స్కూటర్లు, జీపులు జోరుగా పోవడం, ఎవరో ఎవర్నో గట్టిగా పిలవడం విన్నాను. ఎన్నికల గోల అనుకున్నాను. రాజీవ్ ఆ సాయంత్రం మన విశాఖపట్నం నుంచే విమానంలో మద్రాసు వచ్చాడని, అక్కడి నుంచి కారులో వచ్చి రాత్రి పది దాటాక ఆ మీటింగులో దిగాడని, దండ వేయడానికి వచ్చినట్టు వచ్చి వంగిన పిల్ల నడుముకి బాంబు కట్టుకుని ఉందని తర్వాత పేపర్లలో చదివిందే.

తెల్లారి సత్రం అరుగు మీద కాపలా ముసలాయన ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. అరవంలో వార్తలు. మధ్యమధ్యలో 'రాజీవ్ గాంధీ' అన్నది ఒక్కటే మాకు తెలుస్తోంది. "పైలట్టు మద్రాసు వచ్చినట్టున్నాడు, ఇక్కడ కూడా వదల్డు" అని మామయ్యగారు వేపపుల్ల నములుతూ నవ్వారు. ఆ మాట నేను చెవులారా విన్నాను. కాసేపటికి వార్తలు ఆగి సన్నాయి మొదలైంది. ఆగకుండా వస్తూనే ఉంది. మామయ్యగారు పుల్ల నమలడం ఆపేశారు. 1984లో ఇందిరమ్మ పోయినప్పుడు ఆ సన్నాయి విన్నవాళ్లెవరికైనా అర్థమైపోతుంది.

టీ కోసం వెళ్లిన డ్రైవరు కుర్రాడు చెంబు ఖాళీగా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా, రాజీవ్ గాంధీని చంపేశారంట. బాంబంట. శ్రీపెరుంబుదూరంట." ఎక్కడుందది అని మా ఆయన అడిగాడు. జవాబు అత్తయ్య చెప్పింది. "మనం ఇయ్యాల వెళ్లాల్సిన ఊరేరా!"

మామయ్యగారు అరుగు మీదే కూలబడి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. తొమ్మిదేళ్లు తిట్టిన మనిషి కోసం అలా ఏడుస్తారని నేను అనుకోలేదు. "నలభై ఆరేళ్ల కుర్రాడు" అని ఒక్క మాట అన్నారంతే. ఆయన వయసు అప్పటికి యాభై ఎనిమిది.

వీధిలో ఒక్క షాపు తెరవలేదు. బస్సుల్లేవు. పిల్లాడికి జ్వరం మందు కావాలంటే మెడికల్ షాపు షట్టర్ దించి ఉంది. ఎదురింటి నేతగాళ్లు తలుపు ఓరగా తీసి సగం సీసా సిరప్ ఇచ్చారు, డబ్బు పుచ్చుకున్నారు. వాళ్లింట్లోనే టీవీ. మగ్గం పక్కన, సగం నేసిన మెరూన్ రంగు పట్టుచీర మీద పాత పంచె కప్పి ఉంది. జనం గుమ్మం దాకా నిలబడ్డారు. ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్, మూసిన పెట్టె, దాని పక్కన సోనియా, ప్రియాంక. పెట్టె ఎందుకు తెరవలేదని ఎవరో అడిగితే, ఇంటాయన చేత్తోనే వద్దన్నట్టు ఊపాడు.

టెన్షన్ అంతా పుకార్లతో. ఎవరు చంపారో ఆ రోజు ఎవరికీ తెలీదు. పంజాబు వాళ్లన్నారు, శ్రీలంక వాళ్లన్నారు. ఇందిరమ్మప్పుడు ఢిల్లీలో సిక్కుల్ని ఏం చేశారో అందరికీ గుర్తే. పొరుగు రాష్ట్రం నంబరు ప్లేటు చూస్తే బండి తగలబెడతారేమోనని మా ఆయన భయం. మద్రాసు వైపు డీఎంకే వాళ్ల మీద పడుతున్నారని మధ్యాహ్నానికి తెలిసింది. సాయంత్రానికి ఇంకో కబురు: హైదరాబాదులో రామారావుగారి ఆస్తుల మీద, తెలుగుదేశం ఆఫీసుల మీద దాడులు. అప్పుడు అందరం ఒక్కసారే వ్యాను వంక చూశాం.

ఊడపీకడానికి కూర్చున్నది మామయ్యగారే. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వెనక తలుపు మీది కాగితం మైదా జిగురుతో అంటించింది, ఎండకి తలుపులో కలిసిపోయింది. నా దగ్గరున్న కొబ్బరినూనె సీసా అడిగారు, పిల్లాడి గుండుకి రాద్దామని తెచ్చుకున్నది. నూనె పూసి, నానబెట్టి, షేవింగ్ బ్లేడుతో గీశారు. పసుపు ముందు లేచింది. సైకిలు చక్రాలు మాత్రం ఎంతకీ రాలేదు, బ్లేడు వంగిపోయింది. చివరికి కిరసనాయిలు గుడ్డతో రుద్ది వదిలేస్తే తలుపు మీద రెండు గుండ్రటి మచ్చలు మిగిలాయి. అన్నగారి ఫోటో చింపలేదు. జాగ్రత్తగా గోటితో నాలుగు మూలలూ లేపి, మడిచి, పంచెల సంచీలో అడుగున పెట్టుకున్నారు. దాని స్థానంలో, ఎదురింటి వాళ్ల పేపర్లో పడ్డ రాజీవ్ బొమ్మ కత్తిరించి డ్రైవరు అంటించాడు. వ్యాను అద్దానికి నల్లగుడ్డ కట్టాడు. మామయ్యగారు అటు తిరిగి నిలబడ్డారు.

మర్నాడు ఇంకా తెల్లారకుండానే వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. మఠమూ లేదు, మామిడిచెట్టూ లేదు. రెండు చోట్ల రోడ్డుకి అడ్డంగా చెట్టు కొట్టి పడేశారు. ఒకచోట కుర్రాళ్లు కర్రలు పట్టుకుని ఆపారు, అద్దం మీది బొమ్మ చూసి, లోపల గుండుతో ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి పొమ్మన్నారు. నగరి దాటాక తెలుగు బోర్డులు కనపడితే అత్తయ్య 'అమ్మయ్య' అంది. నాకైతే అక్కడి నుంచే భయం ఎక్కువైంది. మన ఊళ్లలోనే మామయ్యగారి ముఖం తెలిసినవాళ్లుంటారు. ఒక ఊళ్లో తెలుగుదేశం ఆఫీసు తలుపులు కాలి నల్లగా ఉన్నాయి. ఆయన సీట్లో కిందికి జారి కూర్చున్నారు.

చీరాలలో మా నాన్నకి ఈ సంగతంతా మాకంటే ముందే తెలుసు. అర్ధరాత్రి దాటాక పక్కింటివాళ్లు లేపి చెప్పారట. అప్పటికి కంచిలో నేను తప్ప అందరూ బల్లిదోషం పోయిందన్న ధైర్యంతో గురకపెడుతున్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి వెళ్లి లైట్నింగ్ కాల్ బుక్ చేస్తానని కూర్చున్నాడట, ఏ నంబరుకో ఆయనకీ తెలీదు.

మే 23న, 26న జరగాల్సిన పోలింగు జూన్ 12కి, 15కి వాయిదా పడింది. జూన్ 21న పీవీ నరసింహారావుగారు ప్రధాని అయ్యారు. తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో ఆయన నిలబడితే రామారావుగారు తెలుగువాడని పోటీ పెట్టలేదు. మామయ్యగారు అది గొప్పగా చెప్పుకునేవారు.

చెప్పుకునేవారంటే గుర్తొచ్చింది. ఓ పదేళ్లు గడిచేసరికి ఆయన కథ ఇలా తయారైంది: "ఆ రాత్రి మీటింగుకి వెళ్దామనే అనుకున్నాం. పిల్లాడికి జ్వరం రాబట్టి ఆగాం, లేకపోతే మేమూ పోయేవాళ్లం." వినేవాళ్లు నోరెళ్లబెట్టేవారు. పైలట్టు మీటింగుకి ఆయనా! బ్లేడు, కొబ్బరినూనె ఆ కథలో లేవు. మా ఆయన కథలో వార్త తెచ్చింది పాలవాడు. తమ్ముడి కథలో అందరికంటే ముందు విన్నది తనే, అరవం తనకే అర్థమైంది. అత్తయ్య అయితే బాంబు పేలిన చప్పుడు విన్నానంటుంది. నేను ఎప్పుడైనా 'అలా కాదు' అంటే, పిల్లాడితో సతమతమవుతున్నదానివి, నీకేం గుర్తుంటుందని నలుగురూ ఒక్కటవుతారు. అసలు నా కథలో ఎంత నిజమో నేనూ పందెం కాయను, ఆ మెరూన్ చీర మాత్రం కచ్చితం.

మా వాణ్ణి అడగరా అంటే, వాడికి పదకొండు నెలలు.

మామయ్యగారు పోయాక అత్తయ్య మిగిలిన యాత్ర పూర్తి చేయించమంది. ఈసారి కారులో, మా వాడే డ్రైవింగు. శ్రీపెరుంబుదూరులో ముందు ఆదికేశవస్వామి గుడి. రామానుజుల విగ్రహం ముందు ఆవిడ చాలాసేపు నిలబడింది, అర్చకస్వామి రెండుసార్లు పక్కకి జరగమన్నాడు. తర్వాత స్మారకం దగ్గరికి తీసుకెళ్లాం. 2003లో ప్రారంభించారు. ఆయన పడిన చోటు చుట్టూ ఏడు రాతి స్తంభాలు, పెద్ద పచ్చిక, స్కూలు పిల్లల బస్సులు, గేటు దగ్గర పోలీసుల తనిఖీ. అత్తయ్య చెప్పులు విప్పేసి నడిచింది, విప్పక్కర్లేదన్నా వినలేదు.

మా వాడు ఫోన్లో చూసి, "నానమ్మా, కంచి ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్ల పైనే ఉంది. అంత దూరం బాంబు చప్పుడు వినపడదు" అన్నాడు.

ఆవిడ వాడి తల మీద ఒకటి వేసింది. "నువ్వు నిద్రపోతన్నావురా, నీకేం తెలుసు?"