ఆష్‌కాష్‌లో మావయ్యగారి రివెట్లు

చికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే తిప్పే చోట్లు ముందే ఖాయమైపోయి ఉంటాయి. ఆరోరా బాలాజీ గుడి, లెమాంట్ రాముడి గుడి, డౌన్‌టౌన్‌లో బీన్ అనే మెరిసే ఉక్కు శిల్పం, ఓపికుంటే నయాగరా. మా మావయ్యగారికి గుళ్లు నచ్చాయి. బీన్ ముందు మాత్రం రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. ఆయన ఆర్టీసీలో బస్ బాడీలు కట్టే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. మా కారు బానెట్ ఎత్తి చూసుకోవడమే ఆయనకు అసలు కాలక్షేపం. అందుకే జూలై చివరి వారంలో పులిహోర, పెరుగన్నం కట్టుకుని విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌కు బయల్దేరాం.

విన్నెబాగో సరస్సు ఒడ్డున ఉన్న ఊరు అది. ఏటా ఆ వారంలో ఎయిర్‌వెంచర్ అనే విమానాల సంబరం జరుగుతుంది. ఊళ్లోనూ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టుల్లోనూ కలిపి దాదాపు 10,000 విమానాలు దిగుతాయి. జనం 6 లక్షలు దాటతారు. వాళ్లలో సొంత విమానాల్లో వచ్చేవాళ్లే వేలమంది. ఇద్దరో నలుగురో పట్టే బుల్లి విమానాన్ని గడ్డిలో ఆపి, దాని రెక్క కిందే టెంటు వేసుకుని వారమంతా ఉంటారు. "కోటప్పకొండ తిరనాళ్లకు వచ్చినోళ్లు బండి కిందే కాపురం పెట్టినట్టుంది బాబూ" అన్నారు మావయ్యగారు.

ముందుగా రన్‌వే పక్కన కూర్చుని ల్యాండింగులు చూశాం. చూస్తుంటే మనకే టెన్షన్. ఆష్‌కాష్‌కు నైరుతి దిక్కున ఫిస్క్ అనే పల్లె ఉంది. పైలట్లు రైలు పట్టాల మీదుగా ఒకరి వెనక ఒకరు అక్కడికి రావాలి. కింద పొలాల మధ్య కంట్రోలర్లు బైనాక్యులర్లు పట్టుకుని కూర్చుంటారు. రేడియోలో ఎవరూ జవాబు చెప్పకూడదు, అంత రద్దీ. విమానాన్ని రంగును బట్టి, తీరును బట్టి పిలుస్తారు. విన్నానన్నట్టు పైలట్ రెక్కలు ఊపితే చాలు. రన్‌వే మీద పెద్ద పెద్ద రంగు చుక్కలు వేసి ఉంటాయి. నువ్వు ఆకుపచ్చ చుక్క మీద, నీ వెనకాయన నారింజ చుక్క మీద. అలా ఒకే రన్‌వే మీద ఒకేసారి రెండు మూడు దిగుతుంటాయి. పక్కాయన చేతిలో రేడియో ఉంటే మేమూ ఓ చెవి వేశాం.

ఆ ఎయిర్‌పోర్టు పేరు విట్‌మన్ రీజినల్. స్టీవ్ విట్‌మన్ 1931 నుంచి 1969 దాకా దానికి మేనేజరు. ఒక కంటికి చూపు సరిగా లేకపోయినా రేసు విమానాలు తనే డిజైన్ చేసి, తనే కట్టి, తనే నడిపాడు. ఆయన కట్టిన 'బోన్జో' ఇక్కడి మ్యూజియంలో ఉంది. చక్రాలను పట్టి ఉంచే కాళ్లకు గొట్టాలు, రబ్బర్లు ఏమీ లేకుండా ఒకే ఉక్కు పట్టీ వంచి పెట్టడం కూడా ఆయన ఆలోచనే. సెస్నా కంపెనీ ఆ పద్ధతిని తీసుకుని తన చిన్న విమానాలకు పెట్టుకుంది. మావయ్యగారు ఓ సెస్నా పక్కన వంగి చూసి, "ఇది మన కమాన్ పట్టీయే కదా" అని తేల్చేశారు. విట్‌మన్ 91 ఏళ్ల వయసులో, 1995లో, భార్యతో కలిసి తను కట్టిన విమానంలోనే ఫ్లోరిడా నుంచి ఆష్‌కాష్‌కు వస్తుంటే అది అలబామాలో కూలిపోయింది. రెక్క మీద కప్పిన బట్ట సరిగా అతుక్కోకపోవడమే కారణమని తేల్చారు. అన్నేళ్ల చేయి తిరిగినవాడికే అలా జరిగింది.

ఈ సందడికి మూలపురుషుడు పాల్ పాబరెజ్నీ. బళ్లో చదివే రోజుల్లో ఓ మాస్టారు ఇచ్చిన పాడైన గ్లైడర్‌ను, అంటే ఇంజిన్ లేని విమానాన్ని, బాగుచేసుకుని ఎగరడం మొదలుపెట్టాడు. మిలిటరీలో పైలట్‌గా ఉంటూనే 1953లో విమానాలు ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టాడు. 1955లో ఓ పత్రికలో 800 డాలర్ల లోపు విమానం ఎలా కట్టుకోవచ్చో రాశాక సభ్యులు గబగబా పెరిగారు. సంఘానికి ఆఫీసు లేదు. వాళ్ల ఇంటి బేస్‌మెంటే ఆఫీసు. ఉత్తరాలు, చందాలు, లెక్కలు అన్నీ భార్య ఆడ్రీ చూసింది. పాల్ గురించి రాసేవాళ్లు ఆ బేస్‌మెంట్ మాట ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, నాకది అన్యాయంగా అనిపిస్తుంది. 1970లో ఈ సంబరం ఆష్‌కాష్‌కు వచ్చింది. పాల్ 2013లో, ఆడ్రీ 2020లో పోయారు. మ్యూజియం పక్కన చిన్న గుట్ట మీద గోడ ఉంది. దాని మీద కంచు పలకల్లో పోయిన సభ్యుల పేర్లు ఉంటాయి. అక్కడ గొప్పవాళ్ల వరస, మామూలువాళ్ల వరస అని వేరుగా లేదు.

మ్యూజియం వెనక పయనీర్ ఎయిర్‌పోర్టు అనే గడ్డి రన్‌వే ఉంది. అక్కడ 1929 నాటి ఫోర్డ్ ట్రైమోటార్ ఎక్కాం. మూడు ఇంజిన్లు, ఒళ్లంతా గీతల రేకు. 1973లో ఇదే విస్కాన్సిన్‌లో గాలివాన దీన్ని ఎత్తి పడేస్తే, శిథిలాలను అసోసియేషన్ కొని, వాలంటీర్లతో కలిసి 12 ఏళ్లు కష్టపడి మళ్లీ ఎగిరించింది. అద్దాల పెట్టెలో పెట్టి ఊరుకోకుండా ఇప్పటికీ జనాన్ని ఎక్కించుకుని తిప్పుతున్నారు. నన్నడిగితే వారసత్వం కాపాడటమంటే అదే. లోపల చెవులు దిబ్బడ వేసేంత మోత. మావయ్యగారు సరస్సు వంక చూస్తే ఒట్టు. పక్క ఇంజిన్ల మీటర్లు పైలట్ ముందు కాకుండా బయట, ఇంజిన్ల దగ్గరే బిగించి ఉంటాయి. పైలట్ కిటికీలోంచి తొంగి చూసి ఆయిల్ ప్రెజర్ చదువుకోవాలి. తోకకు వెళ్లే కేబుళ్లు కూడా బాడీ బయటే కనిపిస్తాయి. ఆయన కళ్లు దిగేదాకా ఆ మీటర్ల మీదే.

మధ్యాహ్నం వర్క్‌షాపు టెంట్లలోకి వెళ్లాం. వెల్డింగ్, చెక్కపని, బట్ట కప్పడం, రేకు పని, ఏది కావాలంటే అది ఉచితంగా నేర్పుతారు. రేకు బల్ల దగ్గర రెండు అల్యూమినియం ముక్కలిచ్చి రివెట్లు కొట్టమంటారు. ఒకరు ఇటునుంచి రివెట్ గన్ పెడితే ఒకరు అవతల డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి పట్టాలి. కుర్రాళ్లు కొట్టినవి వంకర్లు పోతున్నాయి. మావయ్యగారు నన్ను గన్ పట్టుకోమని, తను డాలీ పట్టుకున్నారు. "నొక్కద్దు బాబూ, ఆనించు చాలు" అంటూ నాలుగు కొట్టించారు. నేర్పుతున్న ముసలాయన ఆ తలల మీద వేలు రాసి చూసి, ఎక్కడ పని చేశారని అడిగాడు. బస్సులని చెప్పాను. వెంటనే తన స్టూలు ఈయనకిచ్చి కూర్చోబెట్టాడు.

ఆ ముసలాయనకు చార్లెస్ టేలర్ పేరున ఇచ్చే మాస్టర్ మెకానిక్ అవార్డు వచ్చిందట. విమానాల రిపేరు పనిలో 50 ఏళ్లు గడిపినవాళ్లకు అమెరికా విమానయాన శాఖ ఇస్తుంది. టేలర్ రైట్ సోదరుల సైకిల్ షాపులో మెకానిక్. 1903లో వాళ్ల విమానానికి 12 హార్స్‌పవర్ ఇంజిన్ ఆరు వారాల్లో తయారుచేసింది ఆయనే. చివరి రోజుల్లో డబ్బు లేక ధర్మాసుపత్రిలో పడి ఉంటే విమాన పరిశ్రమవాళ్లు చందాలేసి వేరేచోటికి మార్చారు. 1956లో పోయాడు. ఈ కథ నేను తెలుగులో చెప్తుంటే మావయ్యగారు ధర్మాసుపత్రి దగ్గర ఆపి, "ముందే ఇవ్వాల్సింది కదా" అన్నారు. దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాను. ముసలాయన గట్టిగా తల ఊపాడు. నాకు పని లేకుండా తర్వాత చాలాసేపు ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు, డ్రిల్ బిట్లు ఒకరికొకరు చూపించుకుంటూ.

కారు తీసేసరికి పార్కింగ్ పొలంలో ట్రాఫిక్ జామ్. అప్పటికి ఇండియాలో తెల్లవారుతోంది. మావయ్యగారు పాత జతగాడికి వాట్సాప్ కాల్ కలిపారు. విమానం ఎక్కినట్టు గానీ, లక్షల జనాన్ని చూసినట్టు గానీ చెప్పలేదు. "ఒరేయ్, ఆయిల్ మీటర్ బయటెట్టార్రా, ఇంజిన్ పక్కనే! లేదురా, వానకు ఏమీ కాలేదు, 1929ది" అని మొదలుపెట్టారు.