తాతయ్య కౌలు, మనవడి షేర్లు

మా అబ్బాయి పోయినేడాది 19 నిండగానే టీఎఫ్‌ఎస్‌ఏ తెరిచాడు. అంటే కెనడాలో లోపల వచ్చే లాభానికి పన్ను లేని పొదుపు ఖాతా. బ్రిటిష్ కొలంబియాలో 19 వచ్చేదాకా తెరవనివ్వరు గానీ, అందులో డబ్బు వేసుకునే పరిమితి మాత్రం 18 నుంచే లెక్కకొస్తుంది. అలా 2024, 2025 కలిపి 14,000 డాలర్లు వేసుకునే వీలు దొరికింది. వాడి దగ్గరున్నది వేసవిలో పనిచేసి దాచుకున్న కొంచెం, అంతే. దానితో షేర్లు కొన్నాడు.

ఊళ్లో మా నాన్నకి వాడే ఫోన్లో ఈ సంగతి చెబితే ఆయన అడిగిన మొదటి మాట: "ఏడాదికి చేతికెంతొస్తుందిరా?"

"చేతికేం రాదు తాతయ్యా, ధర పెరుగుతుంది."

ఆయనకిది మింగుడుపడలేదు. కౌలు డబ్బుతో మమ్మల్ని చదివించిన మనిషి. పొలం ధర ఎంత పెరిగినా ఆయనకు పట్టదు, అమ్మే ఉద్దేశమే లేదు కాబట్టి. మనవడేమో అమ్మడానికే కొంటాడు.

నన్నడిగితే వాడి వయసుకు పెరుగుదలే మేలు. నెలనెలా డివిడెండ్, అంటే కంపెనీ లాభంలో వాటా, చేతికి వస్తే దానితో వీడు ఏం కొంటాడో నాకు తెలుసు. అలాగని నాన్న ప్రశ్నను తీసిపారేయలేను. షేరు కొనే కంపెనీ అసలు ఏమైనా సంపాదిస్తోందా అని చూడకుండా ధర ఒక్కటే చూసి కొనే అలవాటు వీడి స్నేహితులందరికీ ఉంది.

మామూలు ఖాతాలో అయితే ఈ తేడా పన్నులోనూ కనిపిస్తుంది. వడ్డీ మొత్తం ఆదాయంలో కలుస్తుంది, పెట్టుబడిగా ఉంచుకున్న షేరు అమ్మితే లాభంలో సగమే కలుస్తుంది, కెనడా కంపెనీల డివిడెండ్‌కు పన్నులో కొంత తగ్గింపు ఇస్తారు. టీఎఫ్‌ఎస్‌ఏలో ఇవన్నీ ఒకటే, దేనికీ పన్ను లేదు. అమెరికా కంపెనీల డివిడెండ్ వేరు: మామూలుగా 15 శాతం అక్కడే కోసుకుని పంపుతారు, అది తిరిగి రాదు.

దాంతో వాడికో ఆలోచన వచ్చింది. "పన్నే లేనప్పుడు రోజూ కొని అమ్మితే ఏమవుతుందమ్మా?"

వాంకూవర్ పెట్టుబడి సలహాదారు ఒకాయన కేసు చెప్పాను. 2009 నుంచి మూడేళ్లలో 15,000 డాలర్లు వేసి, చవక షేర్లు చకచకా కొని అమ్మి, 6 లక్షలు దాటించాడు. అది పెట్టుబడి కాదు, వ్యాపారమని పన్ను శాఖ పట్టుకుంది. 2023లో టాక్స్ కోర్టు, 2024లో అప్పీలు కోర్టు శాఖ మాటే నిలబెట్టాయి. వ్యాపారమని తేలితే ఆ లాభానికి పన్ను కట్టాల్సిందే. ఎన్నిసార్లు అమ్మితే వ్యాపారమన్న గీత చట్టంలో లేదు. ఎంత తరచుగా కొంటున్నావు, ఎన్నాళ్లు ఉంచుకుంటున్నావు, నీకెంత అనుభవం, ఎంత సమయం పెడుతున్నావు, ఇవన్నీ కలిపి చూస్తారు.

వాడు భయపడలేదు. లక్షలు సంపాదించాక కదా ఆ గొడవ! నిజానికి వీడికి దగ్గర్లో ఉన్న ప్రమాదం నష్టం. 7,000 వేసి 3,000 పోగొట్టుకుంటే, మిగిలిన 4,000 బయటికి తీసినప్పుడు వచ్చే జనవరిలో తిరిగొచ్చే పరిమితి ఆ 4,000 మేరకే. పోయిన 3,000 డాలర్ల వీలు శాశ్వతంగా పోయినట్టే. ఆ నష్టాన్ని ఇంకో లాభంలో మినహాయించుకోవడానికీ కుదరదు. ఈ లెక్కకి కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఎక్కడో చదివొచ్చాడు: రిటైర్మెంట్ కోసం దాచుకునే ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఖాతాలో అయితే షేర్ల వ్యాపారానికి ఈ పన్ను నుంచి మినహాయింపు ఉందట. ఉంది, నిజమే. "అందులో చేసుకుంటాను మరి?"

"చేసుకో నాన్నా. దానికి వీలు కిందటేడు సంపాదనలో 18 శాతమే. నీ వేసవి జీతంలో అదెంతో ముందు లెక్కేసుకో."