డాన్యూబ్ బుగ్గ దగ్గర ఉరుము

మా ఇంటి ఓనరమ్మకు డెబ్బై రెండేళ్లు. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆమె ఇంటి మేడమీద గదిలో నేను అద్దెకు ఉంటాను. అక్టోబర్ మొదట్లో ఒక సాయంత్రం చెత్తడబ్బాల దగ్గర కనబడి, "నా స్నేహితురాలికి మోకాలి ఆపరేషన్ అయింది. డోనావెషింగెన్ కచేరీలకు ఆమె టికెట్లు మిగిలాయి. వస్తావా?" అని అడిగింది. నాకు ఆ ఊరు తెలీదు. సంగీతం అంతకన్నా తెలీదు. కానీ అద్దెకున్నవాడు ఓనర్ పిలిస్తే కాదంటాడా? వస్తానన్నాను.

గదిలోకొచ్చి ఫోన్లో వెతికాక టెన్షన్ పట్టుకుంది. ఇరవై రెండు వేల జనాభా ఉన్న ఊరు, మా తాడిపత్రిలో ఐదో వంతు. ఏటా అక్టోబర్‌లో అక్కడ కొత్త సంగీతం పండుగ జరుగుతుంది. కొత్త సంగీతమంటే కొత్త పాటలనుకున్నాను. ఒక వీడియో పెట్టి చూస్తే ఒకాయన చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం మీద కమాను గీస్తున్నాడు. పాత తలుపు తీసినట్టు కిర్రుమని ఒక శబ్దం. అర నిమిషం ఏమీ లేదు. మళ్లీ కిర్రు. మొత్తం పదకొండు నిమిషాలు. రెండో నిమిషంలో ఆపేశాను.

శనివారం పొద్దున రైలెక్కాం. దేశమంతా లోకల్ రైళ్లలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఎలాగూ ఉంది కాబట్టి ప్రయాణానికి వేరే ఖర్చు లేదు. ఫ్రైబుర్గ్ నుంచి గంటన్నర దారి, బ్లాక్ ఫారెస్ట్ కొండల మీదుగా. ఊరు దాటిన కాసేపటికి హిమ్మెల్‌రైఖ్ అనే స్టేషన్ వస్తుంది. ఆ పేరుకు అర్థం స్వర్గరాజ్యం. అది దాటగానే రైలు దూరేది హోలెంటాల్‌లోకి, అంటే నరకలోయ. ముందు స్వర్గం, తర్వాత నరకం. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజుకు చూపించిందీ ఇదే వరసలో. ఓనరమ్మకు ఆ కథ చెప్తే, దుర్యోధనుడు స్వర్గంలో కూర్చుని ఉన్నాడన్న చోట పడీపడీ నవ్వింది. లోయ బాగా ఇరుకైన చోట బండమీద కంచు దుప్పి బొమ్మ ఒకటుంది. వేటగాడి నుంచి తప్పించుకోవడానికి ఆ దుప్పి ఇటు కొండ నుంచి అటు కొండకు దూకిందట. ఫోటో తీసేలోపు రైలు సొరంగంలోకి వెళ్లిపోయింది.

ఈ పండుగ కథ ఆమె రైల్లోనే చెప్పింది. 1921లో మొదలైంది. ఆ ఊళ్లో ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్ రాజకుటుంబం ఉండేది, ఇప్పటికీ కోట వాళ్లదే. యువ స్వరకర్తలను పిలిచి, వాళ్ల రచనలు వినిపించడానికి డబ్బిచ్చింది వాళ్లే. హిండెమిత్ అనే కుర్రాడు మొదటి ఏడాదే ఇక్కడ పేరు తెచ్చుకున్నాడు. రెండో యుద్ధం తర్వాత, 1950లో రేడియోవాళ్లు చేయి కలిపారు. రాజులు పోయి రేడియో పోషకుడైందన్నమాట. 1961లో లిగెటి అనే హంగేరియన్ రాసిన 'అట్మాస్ఫేర్స్' ఈ ఊళ్లోనే మొదటిసారి వినిపించారు. అందులో రాగం లేదు, తాళం లేదు. వయొలిన్ వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో వరస వాయిస్తుంటే ఏ ఒక్కటీ చెవికి విడిగా దొరకదు, అంతా కలిసి మబ్బులా కమ్ముకుంటుంది. జనం చప్పట్లు ఆపలేదు, అప్పటికప్పుడు మళ్లీ మొదటినుంచి వాయించాల్సి వచ్చింది.

తాళి కట్టేటప్పుడు పురోహితుడు చెయ్యెత్తగానే డోలు, సన్నాయి కలిసి మోగించే గట్టిమేళం నాకు గుర్తొచ్చింది. అప్పుడు ఏం రాగమని ఎవరూ అడగరు, ఇంకే మాటా చెవిన పడకుండా ఆ మోత మనల్ని కమ్మేస్తే చాలు. ఇది ఓనరమ్మకు చెప్పడానికి నా జర్మన్ సరిపోలేదు.

డోనావెషింగెన్‌లో దిగితే చలి. ఫ్రైబుర్గ్ మీద నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుందని, శాలువా తెచ్చుకోమని ఆమె ముందే చెప్పింది. నేను వినలేదు. కచేరీకి ఇంకా టైముందని నన్ను కోట పక్కకు తీసుకెళ్లింది. చర్చి కింద గుండ్రటి రాతి తొట్టి, చుట్టూ ఇనుప కటకటాలు, పైన పాలరాతి బొమ్మలు. ఒక తల్లి, పక్కనే చిన్న పిల్ల. తల్లి చెయ్యి చాపి పిల్లకు దారి చూపిస్తోంది. పిల్ల పేరు డాన్యూబ్.

అంతే, అదే డాన్యూబ్ పుట్టిన చోటు. సముద్రానికి 2,840 కిలోమీటర్లని ఫలకం మీద చెక్కారు. పది దేశాల గుండా పోయే నది ఇక్కడ మా ఇంటి నీళ్లతొట్టి కన్నా కాస్త పెద్దది. నీళ్లు ఆకుపచ్చగా, అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. అడుగునుంచి ఉండుండి రెండు మూడు బుడగలు లేస్తున్నాయి. అడుగునిండా జనం వేసిన చిల్లర. ఇది అసలు జన్మస్థానం కాదని, తమ కొండమీద పుట్టే బ్రెగ్ వాగే అసలుదని ఫుర్ట్‌వాంగెన్ ఊరివాళ్ల వాదన. బ్రిగాఖ్, బ్రెగ్ అనే రెండు వాగులు ఈ ఊరి తూర్పున కలిశాకే డాన్యూబ్ అంటారు కాబట్టి ఆ గొడవ ఎప్పటికీ తేలదు.

మా తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. లింగం దగ్గర ఎప్పుడూ నీళ్లు ఊరుతుంటాయి. బయట పెన్న ఎండి ఇసుక తేలినా లోపల బుగ్గ మాత్రం తడిగానే ఉంటుందని మా అమ్మ చెప్పేది. అలవాటు కొద్దీ జేబులోంచి యాభై సెంట్లు తీసి తొట్టిలో వేశాను. "ఏం కోరుకున్నావు?" అంది ఓనరమ్మ. ఏమీ కోరుకోలేదు. చెయ్యి దానంతటదే వేసింది.

మొదటి కచేరీ డోనావ్‌హాలెన్‌లో. హాళ్లకు మోజార్ట్, స్ట్రావిన్‌స్కీ, బార్టోక్ పేర్లు. నడవాలో ప్రచురణకర్తలు బల్లలు వేసి స్వరాల పుస్తకాలు పరిచారు. ఒకదాన్ని తిప్పితే స్వరాలే లేవు, గీతలు, బాణాలు, ఒక మూల చిన్న అక్షరాల్లో 'ఊపిరి మాత్రమే'.

ఆ ఊపిరిదే మొదటి రచన. ఆరుగురు వాద్యకారులు. అకార్డియన్ తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మీటలు నొక్కకపోవడంతో ఉత్త గాలి. ఫ్లూటాయన కూడా గాలే. పద్దెనిమిది నిమిషాలని కార్యక్రమ పత్రంలో ఉంది. ఐదో నిమిషంలో నాకు నిద్రొచ్చింది. ఎనిమిదో నిమిషంలో నా జాకెట్ జిప్పు కుర్చీకి తగిలి టిక్కుమంది. ముందు వరసలో నలుగురు వెనక్కి తిరిగారు. ఆ హాల్లో ఆ మధ్యాహ్నం అన్నిటికన్నా స్పష్టంగా వినబడిన శబ్దం అదేనేమో. అయిపోయాక వెనక వరసలోంచి ఒక ముసలాయన "బూ" అని గట్టిగా అరిచాడు. అవమానమనుకుని బిత్తరపోతే, ఓనరమ్మ మామూలుగా, "ప్రతి ఏడాదీ అరుస్తాడు, కానీ ప్రతి ఏడాదీ వస్తాడు" అంది.

నిజం చెప్పాలంటే ఆ రెండు రోజుల్లో విన్నదాంట్లో సగం నాకు ఎక్కలేదు. అరువు గొప్పతనం కోసం అర్థమైందని చెప్పను. లాప్‌టాప్ ముందు కూర్చున్న ఒకాయన నలభై నిమిషాలు బాయిలర్ మోత వినిపించాడు. మా ఫ్యాక్టరీ ట్రైనింగ్‌లో నాకది డబ్బులిచ్చి వినిపించారు.

రెండో రచన మాత్రం వేరు. వేదిక మధ్యలో ఒకే ఒక పెద్ద డ్రమ్ము, అడ్డంగా పడుకోబెట్టి ఉంది. వాయించే అమ్మాయి కర్రలతో కొట్టలేదు. సన్నటి పుల్ల చివర రబ్బరు బంతి గుచ్చి ఉంది. దాన్ని చర్మం మీద ఒత్తి, నెమ్మదిగా తనవైపు లాగింది. హుంమ్... అని ఒక మూలుగు. దున్నపోతు ఎక్కడో పొలం అవతల రంకె వేసినట్టు. ఒత్తిడి పెంచితే శబ్దం పైకెక్కుతోంది, వదిలితే కిందికి దిగుతోంది, మధ్యలో బంతి చర్మం మీద ఎగిరెగిరి గుడగుడమంటోంది. నా చేతులమీద వెంట్రుకలు లేచాయి.

నాకది తెలిసిన శబ్దం. మా అమ్మమ్మ ఊళ్లో జాతరకు ఉరుము వచ్చేది. రెండు పక్కలా చర్మమున్న వాద్యం. ఒక పక్క వంకరపుల్లతో రాస్తారు, ఇంకో పక్క కొడతారు. ఆ రాపిడికి వచ్చే మూలుగు వల్లే దానికాపేరు. చిన్నప్పుడు అది మొదలవగానే నేను అమ్మమ్మ చీర కుచ్చిళ్లలో దూరేవాణ్ణి. పాతికేళ్ల తర్వాత నల్లబట్టలేసుకున్న జర్మన్ల మధ్య కూర్చుని అదే మూలుగు వింటే, దూరడానికి చీర లేదు.

విరామంలో ధైర్యం చేసి వేదిక దగ్గరికి వెళ్లాను. ఆమె డ్రమ్ము చర్మాన్ని గుడ్డతో తుడుచుకుంటోంది. ఫోన్లో ఉరుముల వీడియో చూపించాను. ఆమె మొదటిసారి చూసి, మళ్లీ పెట్టించి, మూడోసారి ఫోన్‌ను చెవికి ఆనించుకుంది. "పుల్ల ఏ చెట్టుది? చర్మానికి ఏమైనా పూస్తారా?" అని అడిగింది. నాకు తెలీదు. ఇరవై ఏళ్లు చూసినవాణ్ణి, ఒక్కసారి దగ్గరికి పోయి అడగలేదు. ఆ వాయించేవాళ్లు ఊరి బయట ఉండేవాళ్లు, మా ఇంట్లో పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్లు కాదు. ఇది మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను. కనుక్కుని చెప్తానన్నాను.

అమ్మకు ఫోన్ చేశాను.

"యాడున్నావు రా? తిన్నావా?"

"కచేరీకి వచ్చినానమ్మా."

"ఏం పాడినారు?"

"పాట లేదు. డ్రమ్ము రుద్దినారు."

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "అమ్మా, ఉరుము వాయించే పుల్ల ఏ కట్టెది?"

"నాకేం తెలుసు రా? నువ్వు కచేరీకి పోయినావా, కట్టెల అడితికి పోయినావా?" అని, అంతలోనే గొంతు తగ్గించి, "మీ మామను కనుక్కుంటాలే" అంది.

రాత్రి కచేరీ ఊరి స్పోర్ట్స్ హాల్లో. పెద్ద ఆర్కెస్ట్రా పట్టే చోటు ఈ ఊళ్లో అదే. బాస్కెట్‌బాల్ గీతల మీద కుర్చీలు వేశారు. నా సీటు సరిగ్గా ఫ్రీ త్రో గీత మీద. ఎనభై మందికి పైగా వాద్యకారులు వచ్చి కూర్చున్నారు. రేడియోలో లైవ్ కాబట్టి ఎవరూ దగ్గడం లేదు. ఓనరమ్మ మాత్రం వాళ్లను చూస్తూ ఏదో వెతుక్కుంటోంది. తర్వాత చెప్పింది. ఒకప్పుడు ఇక్కడ వాయించేది ఫ్రైబుర్గ్ ఆర్కెస్ట్రా. రేడియో సంస్థ ఖర్చు తగ్గించడానికి దాన్ని స్టుట్‌గార్ట్ ఆర్కెస్ట్రాలో కలిపేస్తామంది. 2012లో ఇక్కడి ప్రారంభ కచేరీలో ఒక యువ స్వరకర్త వేదికెక్కి, ఒక వయొలిన్‌ను, ఒక చెల్లోను కలిపి కట్టి అందరి ముందే విరగ్గొట్టాడు. "చెక్క విరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది" అందామె. అయినా 2016లో కలిపేశారు. ఇప్పుడు వాయించేవాళ్లలో పాత ముఖాలు ఎన్ని మిగిలాయో ఆమె ఏటా లెక్క పెట్టుకుంటుంది. ఈసారి ఎన్నని నేనడగలేదు.

ఆదివారం పొద్దున కచేరీ గురించి చెప్పడానికేమీ లేదు. బాగుంది, అంతే. చివరి కచేరీ సాయంత్రం ఐదింటికి. మధ్యలో ఖాళీ చూసుకుని, "నీకొకటి చూపిస్తా" అని ఆమె నన్ను ఇమ్మెండింగెన్ రైలెక్కించింది. పావుగంట ప్రయాణం. అక్కడినుంచి నది పక్కన నడక.

మొదట నది ఉంది. నడుస్తుంటే సన్నబడింది. మలుపు తిరిగాక నది లేదు, తెల్లటి రాళ్లు మాత్రమే. నేను ఆగిపోయాను. ఇంత దూరమొచ్చి మళ్లీ పెన్నే చూస్తున్నానా? ఇక్కడి నేల సున్నపురాయి, లోపలంతా బొరియలు. డాన్యూబ్ నీళ్లు ఆ బొరియల్లోకి దిగిపోతాయి. ఏడాదిలో సగటున 155 రోజులు ఇక్కడ నది పూర్తిగా ఎండిపోతుందట. 1877లో ఈ మడుగుల్లో టన్నులకొద్దీ ఉప్పు, కాస్త రంగు కలిపి చూశారు. దాదాపు అరవై గంటల తర్వాత, పన్నెండు కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే ఊరి బుగ్గలో ఉప్పునీళ్లు, పచ్చరంగు పైకొచ్చాయి. అక్కణ్ణుంచి ఆ నీళ్లు రైన్‌లో కలుస్తాయి. నల్లసముద్రానికని బయల్దేరిన నీళ్లు ఉత్తరసముద్రంలో తేలుతాయన్నమాట. నిన్న నేను బుగ్గ దగ్గర సముద్రానికి 2,840 అని చదివిన లెక్క ఈ నీళ్లకు వర్తించదు.

ఓనరమ్మ ఒడ్డు దిగి, రాళ్ల మధ్య చివరి మడుగు అంచున కూర్చుంది. నన్నూ కూర్చోమంది. "మాట్లాడకు" అంది.

ముందు ఏమీ వినబడలేదు. ఎక్కడో ట్రాక్టర్. తర్వాత మోకాళ్ల దగ్గర, రాళ్ల సందులోంచి చిన్నగా గుటక వేసిన చప్పుడు. ఆగింది. మళ్లీ రెండు గుటకలు. చిన్న పిల్లాడు చెంబు ఎత్తి నీళ్లు తాగుతూ మధ్యలో ఊపిరి పీల్చుకున్నట్టు. ఒక ఎండుటాకు మడుగు మధ్యనుంచి మెల్లగా మా వైపు జరిగి, ఆ సందు దగ్గర ఇరుక్కుంది. దానివల్ల శ్రుతి మారింది, కాస్త సన్నమైంది. నేను వేలితో ఆకు తీశాను. ఆమె నా చెయ్యి మీద చిన్నగా కొట్టి, ఆకును మళ్లీ అక్కడే పెట్టింది.

టైము చూశాను. నాలుగు దాటింది. రైలు అందుకోకపోతే చివరి కచేరీ పోతుందని చెప్పబోయాను. ఆమె శాలువా తీసి రాయి మీద పరుచుకుని, ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. ఫోన్ మోగింది. మామ మెసేజ్: "ఏ కట్టెదో నాకూ తెలీదు. ఎల్లుండి పోయి అడిగొస్తా."