ఇండియా గేట్ దాటి నాలుగడుగులు

ఢిల్లీ వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఇండియా గేట్ ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి నేను ఇంకాస్త ముందుకు, నేతాజీ విగ్రహం వెనకున్న జాతీయ యుద్ధ స్మారకానికి వెళ్లాను. లోపలికి టికెట్ లేదు. ఆ లోటు బయటి ఐస్‌క్రీమ్ బండివాడు తీర్చేశాడు.

అక్కడి తేదీలు గుర్తొచ్చి మొదట ఒళ్లు మండింది. ఇండియా గేట్ 1931లో బ్రిటిష్‌వాళ్లు ప్రారంభించింది. దానిమీది పేర్లు మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, 1919 అఫ్గాన్ యుద్ధంలోనూ వాళ్ల తరఫున పోరాడి పోయినవాళ్లవి. 1971 యుద్ధంలో మన జవాన్లు పోతే, మరుసటి రిపబ్లిక్ డే నాడు అమర జవాన్ జ్యోతిని ఆ పరాయి గేటు కిందే వెలిగించుకున్నాం. సొంత స్మారకం ప్రతిపాదన 1960 నాటిది, కేబినెట్ ఆమోదం 2015లో, ప్రారంభం 2019 ఫిబ్రవరి 25న! మా వీధి కల్వర్టు ఫైలు కూడా ఇంత నెమ్మదిగా నడవలేదు. విశాఖ బీచ్‌రోడ్డులో 71 యుద్ధ స్మారకం ‘విక్టరీ ఎట్ సీ’ 1996లోనే లేచింది మరి.

నాలుగు వలయాల్లో త్యాగచక్రం దగ్గరే నా సాయంత్రమంతా గడిచిపోయింది. గ్రానైట్ గోడలు, బంగారు రంగు అక్షరాలు, పాతిక వేలకు పైగా పేర్లు. గల్వాన్‌లో పోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు పేరు కూడా ఇక్కడ చేరింది.

అక్కడే తెలుగు వినిపించింది. మాధవరం పెద్దాయన, తాడేపల్లిగూడెం దగ్గరి ‘మిలటరీ మాధవరం’, అల్లుడితో వాదిస్తున్నారు. 2022 జనవరిలో గేటు కింది జ్యోతిని తెచ్చి ఇక్కడి జ్యోతిలో కలిపేయడం ఆయనకు నచ్చలేదు.

“మా ఊళ్లోంచి ఆ యుద్ధానికీ వెళ్లారు, ఈ యుద్ధాలకీ వెళ్లారు. జీతం ఎవరిచ్చినా పోయింది మావాళ్లే కదా. అక్కడో దీపం ఉంటే ఏం పోయింది?”

“అది 71 జవాన్ల కోసం పెట్టింది కదండీ మావయ్యగారూ. వాళ్ల పేర్లు ఇక్కడుంటే దీపం అక్కడెందుకు?”

నాకు అల్లుడి మాటే సబబనిపించింది. కానీ ‘పరాయి గేటు’ అన్న మాట ఆయన ముందు నోటికి రాలేదు. పెద్దాయన అప్పటికే టచ్‌స్క్రీన్ దగ్గరికి నడిచి, 71లో పోయిన తన బ్యాచ్ అతని పేరు ఏ గోడమీద ఉందో చూడమని అల్లుణ్ని తొందరపెడుతున్నారు.