పాట: జానపదం

పొద్దున్నే ఫోను. హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని ఉంటున్న కుర్రాడు, మా కిందటి షార్ట్ ఫిల్మ్‌కి అసిస్టెంట్‌గా చేశాడు. "అన్నా, టీజర్ చూశావా? అది నా కథే అన్నా" అంటున్నాడు. గొంతు వణుకుతోంది. చూసి మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

చూశాను. తండ్రి చనిపోయాక కూడా కూతురు ఆయన నంబరుకి ఫోన్ చేస్తూ ఉంటుంది. ఒకరోజు అవతల ఎవరో ఎత్తుతారు. వీడు నాకు చెప్పిన కథ మొదలయ్యేదీ అక్కడే. ఒక సినిమా ఆఫీసులో కథ నెరేషన్ ఇచ్చాడు, దాని మీద సిట్టింగులు కూడా జరిగాయి. "బాగుంది తమ్ముడూ, చెప్తాం" అన్నారు. ఆ తర్వాత ఫోన్లు ఎత్తలేదు. టీజర్ వచ్చింది మాత్రం వేరే బ్యానర్ నుంచి.

తిరిగి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడకం ఆగిపోయిన నంబరు కొన్నాళ్ళకు ఇంకొకరికి వెళ్తుందని అందరికీ తెలుసు. దాన్నుంచి కథ అల్లొచ్చని ఇంకో పదిమందికి తట్టి ఉంటుంది. అంతవరకు నీది అనలేవు. నీది ఏమిటంటే, ఆ నంబరు ఒక కరెంటు లైన్‌మన్‌కి రావడం, అతను స్తంభం మీద ఉండగా కింద సంచిలో ఫోన్ మోగడం, హెల్పర్ ఎత్తడం, అవతల ఆ అమ్మాయి "నాన్నా" అంటే, ఏమీ తెలియని హెల్పర్ "పైన ఉన్నాడమ్మా" అనడం. ఆ సీను విన్నరోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అది టీజర్‌లో లేదు. సినిమాలో ఉంటే అప్పుడు ఇద్దరం కలిసి లాయర్ దగ్గరికి వెళ్దాం అన్నాను.

వాడికి నచ్చలేదు. ఎలా నచ్చుతుంది? కథ చెప్పిన తేదీలు, పంపిన మెసేజ్‌లు, మెయిల్‌లో సినాప్సిస్ ఉంటే అదీ, అన్నీ ఒకచోట పెట్టుకోమన్నాను. మెయిల్ లేదట. నోటితో చెప్పాడు, అంతే. మన దగ్గర చాలామంది కొత్తవాళ్ళ పరిస్థితి ఇదే. "ముందు మెయిల్ పెడతాను సార్, తర్వాత చెప్తాను" అంటే పొగరు అనుకుంటారేమోనని భయం. ఆ భయం మీదే బతికే ఆఫీసులు ఉన్నాయి.

ఇలాంటప్పుడల్లా నాకు ఆర్.జి. ఆనంద్ గుర్తొస్తాడు. ఢిల్లీలో ఆర్కిటెక్టు, నాటకాలు రాసేవాడు. పంజాబీ కుటుంబం, మద్రాసీ కుటుంబం, వాళ్ళ పిల్లల ప్రేమ, అడ్డొచ్చే ప్రాంతీయాభిమానం. 'హమ్ హిందుస్తానీ' అనే ఆ నాటకాన్ని 1953లో రాసి మరుసటి ఏడాది ఆడించాడు. మంచి పేరొచ్చింది. సినిమా దర్శకుడు మోహన్ సెహగల్ ఆసక్తిగా ఉత్తరం రాశాడు. 1955 జనవరిలో ఢిల్లీలో కలిశారు. ఆనంద్ నాటకం మొత్తం ఆయనకు చదివి వినిపించాడు. ఆ తర్వాత కబురు లేదు. 1956లో సెహగల్ తీసిన 'న్యూఢిల్లీ' సినిమా వచ్చింది. అందులోనూ పంజాబీ అబ్బాయి, మద్రాసీ అమ్మాయి. ఆనంద్ కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓడాడు, హైకోర్టులో ఓడాడు, 1978లో సుప్రీంకోర్టులోనూ ఓడాడు.

ఆలోచన, ఇతివృత్తం, చరిత్ర, పురాణం, వీటి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, వాటిని చెప్పిన తీరుకూ అల్లికకూ మాత్రమే రక్షణ ఉంటుందని ఆ తీర్పు. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలే అని గట్టిగా అనిపించాలి. సినిమాలో అద్దె ఇంటి కష్టాలు, కట్నం లాంటివి కలిశాయి కనుక వేరే కథ అయిందన్నారు. ఈ సూత్రం సరైనదేనని నేను నమ్ముతాను. లేకపోతే వ్యాసభారతంలో ఎక్కడా లేని శశిరేఖ పెళ్ళి కథను మొదట రాసినవాళ్ళు పట్టుకుని కూర్చుంటే, మనకు ఆ తర్వాతి నాటకాలూ లేవు, సినిమాలూ లేవు.

కానీ అదే తీర్పులో జస్టిస్ పాఠక్ విడిగా రాసిన భాగం ఉంది. సినిమా రాసినవాళ్ళకు ఆ నాటకం తెలుసని, దాని ప్రభావం వాళ్ళ మీద కొంత పడిందని ఆయన ఒప్పుకున్నాడు. కింది కోర్టులు రెండూ ఒకే మాట చెప్పాయి కనుక తాను జోక్యం చేసుకోనన్నాడు. పైపైన మార్పులు చేసి, కథను కాస్త పెద్దది చేసి, తేడా ఉన్నట్టు ఒక తెర కప్పేస్తే ఇంకొకరి రచనను సులువుగా తీసేసుకోవచ్చనే అభిప్రాయం జనంలో పాతుకుపోయి ఉంటే, ఇంకో స్పష్టమైన కేసులో దాన్ని తొలగించాల్సి రావచ్చనీ రాశాడు. నేను మాత్రం ఆ తీర్పు తీసినప్పుడల్లా ముందు ఆ పేజీకే వెళ్తాను. ఒక గదిలో కూర్చుని నాటకం మొత్తం చదివి వినిపించిన మనిషికి కనీసం "మీ నాటకం విన్నాకే మాకు ఇది తట్టింది" అని సినిమాలో ఒక్క టైటిల్ కార్డు వేసి ఉంటే ఏం పోయేది?

జపాన్ దర్శకుడు కురోసావా విషయంలో అలా కుదరలేదు. 1961లో ఆయన తీసిన 'యోజింబో'ని 1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' అనే కౌబాయ్ కథగా తీశాడు, అడగకుండా. 'యోజింబో' తీసిన తోహో కంపెనీ కేసు వేసింది. చివరికి ప్రపంచవ్యాప్త వసూళ్ళలో 15 శాతం, జపాన్‌తో పాటు మరికొన్ని ఆసియా దేశాల పంపిణీ హక్కులు ఇచ్చి రాజీ పడ్డారు. లియోనీ సినిమా గొప్పదే, నాకిష్టం కూడా. గొప్పగా తీసినంత మాత్రాన అప్పు తీరదు. కురోసావా వెనక తోహో ఉంది. కృష్ణానగర్ కుర్రాడి వెనక ఎవరూ లేరు.

ఎడిట్ రూమ్‌కి చేరేసరికి పదకొండు దాటింది. మా సినిమాలో ఒక షాట్ మీద ఇంకా తేలలేదు. గుట్ట మీద మెలికల దారి, పిల్లాడు పరుగెత్తుతుంటాడు, దూరం నుంచి ఒకే ఫ్రేమ్. వరల్డ్ సినిమా చూసేవాళ్ళకు వెంటనే ఇరాన్ దర్శకుడు కియరోస్తమీ గుర్తొస్తాడు, ఆయన సినిమాల్లో ఇలాంటి షాట్ ఉంది. ఎడిటర్ ఉంచుదామంటాడు: "మనం సెట్ వేయలేదు కదా, ఆ ఊళ్ళో ఆ దారి నిజంగానే ఉంది." నిజమే, మేకలు నడిచి నడిచి పడ్డ దారి అది.

సంస్కృత అలంకారికుడు ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే ధ్వన్యాలోకం అనే తన కావ్యశాస్త్ర గ్రంథంలో దీని గురించి రాశాడు. ఒక కవి రాసింది ఇంకో కవి రాసినదానితో పోలడం మూడు రకాలట: అద్దంలో ప్రతిబింబంలా, గీసిన బొమ్మలా, పోలికలు కలిసిన ఇద్దరు మనుషుల్లా. మొదటి రెండూ వదిలేయమన్నాడు. మూడోది వదలక్కర్లేదు, పోలిక ఉన్నా ఆ మనిషికి తన ప్రాణం తనకుంది కనుక. ఎడిట్‌లో నాకు ఇంతకంటే పనికొచ్చే మాట దొరకలేదు. ఆ దారి మాదే, ఆ పిల్లాడూ మావాడే, కానీ కెమెరా నిలబడ్డ చోటు మాది కాదు. అక్కడ నిలబడాలని మాకు ఎవరు నేర్పారో మాకు తెలుసు. అదే పరుగుకి దగ్గరి నుంచి తీసిన ఇంకో టేక్ ఉంది. పిల్లాడికి మేకలు అడ్డొస్తాయి, ఒకదాన్ని తోసుకుంటూ వెళ్తాడు, చెప్పు జారుతుంది, వెనక్కి వచ్చి తొడుక్కుంటాడు. అది పెట్టాం. సీను నిడివి పెరిగింది, కానీ ఆ పిల్లాడికి స్కూలు ఎంత దూరమో ఇప్పుడే తెలుస్తోంది.

మధ్యాహ్నం నుంచి టైటిల్స్. సినిమాలో నాట్ల పాట ఒకటి ఉంది. నల్గొండ జిల్లాలో, షూటింగ్ చేసిన ఊళ్ళోనే, పొలంలోనే రికార్డ్ చేశాం. ఒకావిడ ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తూనే అందుకున్నారు. బోరు మోటారు చప్పుడు పడుతోందని కాసేపు ఆపించాం. మధ్యలో ఆవిడ నడుం పట్టుకుని లేచి, ఒక్క ఊపిరి తీసుకుని, వదిలిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకుంది. ఆ ఊపిరి ట్రాక్‌లో ఉంది. క్లీన్ చేస్తానంటే వద్దన్నాను.

ఎడిటర్ కార్డు మీద "పాట: జానపదం" అని టైప్ చేశాడు. అతన్ని అనడానికేం లేదు, అందరూ అలాగే వేస్తారు. పాటకు ఊరు ఉండదు, మనిషి ఉండదు. వేరే చోట అదే పాటకు బీట్ కలిపి, రచన, సంగీతం అని ఇంకెవరి పేర్లో వేసుకుంటారు.

నాకు అక్కడ కోపం వచ్చింది. పెద్దవాళ్ళు మన కథలు ఎత్తుకుపోతున్నారని ఇండిపెండెంట్ సినిమావాళ్ళం టీ కొట్ల దగ్గర రోజూ చెప్పుకుంటాం. ఆ బాధ నిజం, పొద్దున ఫోన్‌లో విన్నాను. కానీ మనం ఒక ఊరికి వెళ్ళి, ఒక మనిషి గొంతు తెచ్చుకుని, పేరు వేయకుండా ఫెస్టివల్స్‌కి పంపిస్తే, ఆవిడ వైపు నుంచి చూస్తే ఆ పెద్ద బ్యానర్ మనమే. ఆ కుర్రాడు కనీసం టీజర్ చూశాడు, ఇది నాది అనుకోగలిగాడు. మన సినిమా ఎక్కడ ఆడుతుందో కూడా ఆవిడకి తెలిసే వీలు లేదు.

చట్టం కూడా ఆవిడ వైపే ఉంది. పాట ఎవరు కట్టారో తెలియకపోవచ్చు, పాడింది ఎవరో తెలుసు కదా. పాడేవాళ్ళకూ ఆడేవాళ్ళకూ తమ ప్రదర్శన మీద హక్కు ఉంది, 50 ఏళ్ళు. కాపీరైట్ చట్టంలో ఆ జాబితా చదివితే నాకు సంతోషంగా ఉంటుంది: నటులు, గాయకులతో పాటు గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా అందులో ఉన్నారు. 2012 సవరణ తర్వాత, ఇది పాడింది నేనే అని పేరు వేయించుకునే హక్కు కూడా వచ్చింది.

సాయంత్రం వాళ్ళబ్బాయి నంబరుకి ఫోన్ చేసి ఆవిడతో మాట్లాడాను. టైటిల్స్‌లో మీ పేరు ఎలా వేయమంటారమ్మా, ఇంటిపేరుతోనా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నా పేరొక్కటే ఎందుకు బిడ్డా, ఆ పాట మా మేనత్త నేర్పింది. ఆమె పేరు గూడ వెయ్యి. నాతోని అందుకున్నోళ్ళయి గూడ వెయ్యి" అంది. ఒక్కొక్కరి పేరూ చెప్తుంటే రాసుకున్నాను. మేనత్త పోయి చాలా ఏళ్ళయిందట, అయినా ఆమె పేరే ముందు ఉండాలంది.

"జానపదం" తీసేశాం. కార్డు నిండా పేర్లే. ఎడిటర్ ఫాంట్ చిన్నది చేస్తానన్నాడు, వద్దు, కార్డు ఇంకాసేపు తెర మీద ఉంచమన్నాను. ఆదివారం ఊరికి వెళ్తున్నాను. ఒప్పంద కాగితం తెలుగులోనే రాయించాను. అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాలి, వాళ్ళు సరే అంటేనే సంతకాలు. డబ్బు ఎంతన్నది కూడా వాళ్ళతోనే మాట్లాడి తేల్చాలి. షార్ట్ ఫిల్మ్‌కి ఇంత అవసరమా అని డబ్బు పెట్టిన మా స్నేహితుడు తప్పకుండా అడుగుతాడు. డ్రోన్‌కి కట్టిన అద్దె బిల్లు నా దగ్గరే ఉంది, ముందు అది చూపిస్తాను.