రోటా పాజిటివ్

"ఏం పెట్టావమ్మా పిల్లాడికి? చేతులైనా కడుక్కుంటావా?"

విజయవాడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరు నన్నడిగిన మొదటి మాట ఇది. పక్కనే అత్తయ్య, మా ఆయన ఉన్నారు. ముందురోజు వాడికి హోటల్ ఇడ్లీ తినిపించింది నేనే. తలొంచుకున్నాను.

జనవరి నెల. వాడికి 11 నెలలు. పొద్దున వాంతులు, మధ్యాహ్నానికి నీళ్ళ విరేచనాలు. "పళ్ళొస్తున్నాయిలే" అన్నారు ఇంట్లో. నేనూ నమ్మాను. డైపర్ బరువుగా ఉంది కదా, ఉచ్చ పోస్తున్నాడులే అనుకున్నాను. అదంతా విరేచనం నీళ్ళేనని తట్టలేదు. చీకటి పడేసరికి మాడు గుంట పడింది. ఏడుస్తున్నాడు గానీ కంట్లో చుక్క నీరు లేదు. కాసేపటికి ఏడవడం కూడా మానేశాడు. అప్పుడు పరిగెత్తాం.

సెలైన్‌కి నరం దొరకలేదు. రెండు చేతులూ ఒక కాలూ అయ్యాక, రెండో కాలికి దొరికింది. "అయిపోయింది బంగారం, అయిపోయింది" అంటూనే ఉంది ఆ నర్సు. ఆమె చల్లగా ఉండాలి. డైపర్ తీసేసి, వాణ్ణి పాతగుడ్డ మీద ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎప్పుడు పోస్తాడా అని రాత్రంతా కూర్చున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకి పోశాడు, నా చీర మీద. అత్తయ్య భోరుమన్నారు.

పొద్దున పిల్లల డాక్టరమ్మ మోషన్ టెస్ట్ రాశారు. ల్యాబ్ అబ్బాయి డైపర్ చూసి, "అంతా పీల్చేసుకుంది మేడం, పనికిరాదు" అన్నాడు. లోపల ప్లాస్టిక్ కవరు పరిచి తొడగమని అతనే చెప్పాడు. శాంపిల్‌ని ఏదో ద్రవంలో కలిపి కార్డు మీద చుక్కలు వేస్తారట. కాసేపటికే తేలింది. విరేచనాలు తెప్పించే రోటా అనే వైరస్ దగ్గర గీత పడింది, అడినో అనే ఇంకో వైరస్ దగ్గర లేదు. వీడు కడుపున పడ్డాడని చెప్పిందీ ఇలాంటి గీతే. వైరస్ మీద పనిచేయదని, రాత్రి మొదలుపెట్టిన యాంటీబయాటిక్ ఆపించేశారు డాక్టరమ్మ. "టెస్ట్ లేకపోయినా అసలు వైద్యం ఇదేనమ్మా, ఓఆర్ఎస్, సెలైన్, జింక్" అన్నారు. కావచ్చు. నాకు మాత్రం ఆ కాగితం కావాలి. అందులో ఇడ్లీ పేరు లేదు.

రోటా చేతుల మీదుగా కూడా పాకుతుందట. అంటే ఆ డ్యూటీ డాక్టరు అడిగింది పూర్తిగా తప్పు కాదు. అడిగిన తీరుకి మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత టీకా కార్డు చూశారు. 6, 10, 14 వారాలకు వేయాల్సిన రోటా చుక్కల్లో మూడోది ఖాళీ. జలుబు చేసిందని వాయిదా వేసి మర్చిపోయాం. 2016లో వీటిని ఉచిత టీకాల్లో చేర్చిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పైసా ఖర్చు లేదు. "వేయించినా రావచ్చు, ఇంత తీవ్రంగా రాకపోవచ్చు" అన్నారావిడ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చిన్నపిల్లలున్నవాళ్ళు వినండి. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్‌ని మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. తియ్యటి జ్యూస్ డబ్బా ఓఆర్ఎస్ కాదు. విరేచనాలు తగ్గినా జింక్ 14 రోజులు వేయాల్సిందే. ఉచ్చ ఆగిపోతే పళ్ళ సంగతి వదిలేసి బయల్దేరండి.

అత్తయ్య ఆ రాత్రే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నారట. సెలైన్ వల్లా, స్వామి వల్లా అని మేమిద్దరం వాదించుకోలేదు. పోయిన నెల వెళ్ళి పుట్టెంట్రుకలు తీయించాం. కత్తి తగలగానే గుక్కపట్టి ఏడ్చాడు, బుగ్గల మీదుగా ధారలు. అత్తయ్య ఊరుకోబెట్టబోయారు.

"కాసేపు ఏడవనివ్వండత్తయ్యా" అన్నాను.